నేను చూసిన మొదటి మైఖానా



ఈసారి రాసింది చదివి కొందరికి గుస్సా రావచ్చు. అందుకే అసలు మాట ముందే చెప్పేస్తున్నా. టోక్యోలో నేను ఒక శరాబ్ దుకాణంలో కూర్చుని భోజనం చేశాను. తాగలేదు, తిన్నాను. ఎందుకు పోయానో, అక్కడ ఏ తారీఖ్ నా కళ్లబడిందో చెప్తాను. ఆ తర్వాత మీ మర్జీ.

మైఖానా అనే మాట నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. నల్లగొండలో మా నానా ఇంట్లో రేడియో పెడితే చాలు, సాఖీ, జామ్, పైమానా, రింద్... అన్నీ వరసకట్టి వచ్చేవి. ఆ ఇంట్లో ఒక్కరికి కూడా శరాబ్ వాసన ఎట్లుంటదో తెలియదు. మన ఉర్దూ షాయరీ తమాషా అదే. రియాజ్ ఖైరాబాదీ సాబ్ (1853–1934) జిందగీ అంతా శరాబ్ మీద గజల్‌లు చెప్పి ఆ రంగంలో ఇమామ్ అనిపించుకున్నారు. ఆయన మాత్రం ఎన్నడూ ఒక్క చుక్క ముట్టలేదని చెప్తారు. అట్లాంటి తహ్జీబ్‌లో పెరిగిన నేను, అరవై దాటాక, హిస్టరీ పాఠాలు చెప్పుకునే నౌకరీ నుంచి రిటైర్ అయ్యాక, నా కళ్లతో చూసిన మొదటి మైఖానా జపాన్‌ది.

మా ఆపా కొడుకు టోక్యోలో సాఫ్ట్‌వేర్ నౌకరీ చేస్తాడు. జుమ్మా రోజు సాయంత్రం ఆఫీసు వాళ్లంతా కలిసి ఇజకాయకు పోతారట. ఇజకాయ అంటే సాకె తాగే చిన్న దుకాణం. సాకె అంటే బియ్యంతో చేసే శరాబ్. చేరిన కొత్తలో వాడు ఫోన్ చేసి అడిగాడు, "మామూ, పోవచ్చా?" అని. నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "నక్కో బేటా" అన్నాను. శరాబ్ తిరిగే దస్తర్‌ఖాన్ మీద కూర్చోవద్దని హదీస్ ఉంది, మీకందరికీ తెలిసిందే. వాడు నా మాట విన్నాడు. మొదట్లో నాలుగుసార్లు పిలిచారట, తర్వాత పిలవడం మానేశారు.

రెండేళ్ల తర్వాత నేను వాడిని చూడపోయాను. మొదటి రాత్రి, ఇద్దరు నిలబడితే నిండిపోయే వంటింట్లో వాడు గుడ్ల ఖాగీనా చేస్తూ అన్నాడు. "మామూ, నా సెక్షన్‌లో పదకొండు మంది ఉన్నారు. ఎవరికి ఎంతమంది పిల్లలో నాకు తెలియదు. వాళ్లకు నా గురించి నేను సిగ్నల్ ఇవ్వకుండా ఇంటికి పోతానని తప్ప ఏం తెలియదు." షికాయత్ లాగా అనలేదు. ఉల్లిగడ్డ తరుగుతూ మామూలుగా అన్నాడు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఫోన్‌లో ఒక్క మాట చెప్పేసి నేను ఇక్కడ దోస్తులతో చాయ్ తాగడానికి పోయినవాణ్ణి. ఆ మాటను వాడు రెండేళ్లు మోశాడు.

వాడి సెక్షన్ పెద్దను కచో అంటారు. మామూ వచ్చాడు, హిస్టరీ మాస్టర్ అని తెలిసి ఆయన మా ఇద్దరినీ భోజనానికి పిలిచాడు, అది కూడా ఇజకాయకే. నేను షర్త్ పెట్టాను, మా టేబుల్ మీద శరాబ్ ఉండొద్దని. భాంజా భయపడుతూ ఆ మాట చేరవేశాడు. కచో సాన్ వెంటనే, చాలా సంతోషంగా, సరే అన్నాడట. అంత తొందరగా ఎందుకు ఒప్పుకున్నాడో నాకు అప్పుడు అర్థం కాలేదు.

దుకాణం కాందాలో ఉంది. గల్లీలో ఎర్ర కాగితపు లాంతరు, దర్వాజాకు సగం దాకా వేలాడే గుడ్డ పరదా. లోపల పొడుగు బల్ల ముందు ఏడు కుర్చీలు, మూలకు రెండు చిన్న టేబుళ్లు, అంతే. సాయంత్రం ఐదు గంటలకే పోయాం, ఇంకా ఎవరూ రాలేదు. బొగ్గుల సెగ, చేప వాసన. గోడ నిండా చేత్తో రాసిన కాగితాలు, అవే మెనూ. అరమారాలో సీసాలు ఉన్నాయి. నేను వాటివైపు వీపు పెట్టి కూర్చున్నాను. (నవ్వకండి, మీరైనా అదే చేసేవాళ్లు.)

ఆ కాందాలోనే ఇజకాయల తారీఖ్ మొదలవుతుంది. కాందా పక్క కాలువ ఒడ్డున కామకురా-గాషి అని ఒక రేవు ఉండేది. 1596లో అక్కడ తోషిమాయా అనే సాకె దుకాణం పెట్టారు. టోక్యోకు అప్పుడు ఎడో అని పేరు. తొకుగావా వాళ్లు ఖిలా కట్టిస్తున్నారు, రేవులో రాళ్లు, కలప దిగుతున్నాయి, మజ్దూర్‌లు వేలల్లో ఉన్నారు. అప్పటి రివాజ్ ప్రకారం సాకె దుకాణం అంటే కొలిచి పోసి పంపించేది, ఇంటికి తీసుకుపోయి తాగాలి. ఇల్లు ఉన్నవాడికి ఆ ఇంతెజామ్ బాగానే ఉంటుంది. ఇల్లు లేని మజ్దూర్ దుకాణం ముందే నిలబడి తాగాడు, తర్వాత అక్కడే కూర్చున్నాడు. ఇ-జకా-యా అనే పేరులో ఉన్నది ఇదే. 'ఇ' అంటే ఉండడం, కూర్చోవడం. 'సకా' సాకె. 'యా' దుకాణం. సాకె దుకాణాలు అంతకుముందు నుంచే ఉన్నాయి. దాంట్లో కొత్తగా చేరింది కూర్చోవడం.

తోషిమాయా వాళ్ల తిజారత్ తెలివి చూడండి. 1730ల చివర్లో వాళ్లు సాకెను దాదాపు కొన్న ధరకే అమ్మేవాళ్లట. దాంతోపాటు తోఫు ముక్కను పుల్లకు గుచ్చి, సోయా ముద్ద పూసి, నిప్పుల మీద కాల్చి ఇచ్చేవాళ్లు. దాన్ని దెంగకు అంటారు. మిగతావాళ్ల దానికంటే వీళ్ల ముక్క పెద్దది. మరి ఫాయిదా ఎక్కడిది? ఖాళీ పీపాలు. సాకె ఒసాకా, కోబె వైపు నుంచి దేవదారు పీపాల్లో ఓడల మీద వచ్చేది. ఖాళీ పీపాను అమ్మితే మంచి డబ్బు. ఎంత తొందరగా పీపా ఖాళీ అయితే అంత లాభం! 1830లలో అచ్చయిన ఎడో నగర చిత్రాల పుస్తకంలో ఆ దుకాణం ముందు జనం తోసుకుంటున్న బొమ్మ ఉంది. ఆ ఖాందాన్ దుకాణం ఈనాటికీ నడుస్తోంది.

ఎడో ఎందుకట్లా దుకాణంలో కూర్చుని తినే ఊరు అయిందో మన ఇళ్లల్లో వేరే చెప్పక్కర్లేదు. దుబాయ్, జెద్దా, దమ్మామ్‌లలో మన పిల్లగాళ్ల బ్యాచిలర్ రూములు గుర్తు తెచ్చుకోండి. 1635 నుంచి జపాన్ ప్రాంతాల ప్రభువులు ఏడాది విడిచి ఏడాది ఎడోలో ఉండాలని షోగున్ ఖానూన్ చేశాడు. వాళ్ల వెంట వచ్చిన సిపాయిలు బీవీ బచ్చాలను ఊళ్లోనే వదిలి వరసగదుల్లో ఉండేవాళ్లు. వడ్రంగులు, కూలీలు, పల్లకీ మోసేవాళ్లు కూడా అంతే. 1721లో సిపాయి కుటుంబాలను వదిలి మామూలు జనాన్ని లెక్కపెడితే మగవాళ్లు 3 లక్షల 23 వేలు, ఆడవాళ్లు 1 లక్ష 78 వేలు తేలారు. వండిపెట్టే మనిషి లేదు, గదిలో పొయ్యి పెట్టుకునే జాగా లేదు, రోజంతా మూటలు మోసిన ఒళ్లు. గల్ఫ్ నుంచి చిట్టీలు రాసిన మా అన్న జుమ్మా రోజు మలయాళీ హోటల్‌లో గంటలు గంటలు కూర్చునే ముచ్చట రాసేవాడు. తిండి గురించి రెండు లైన్లుంటే, పక్కన ఎవరు కూర్చున్నారన్నది పేజీ ఉండేది.

1657లో ఎడోలో మెయిరెకి ఆగ్ లేచింది. ఊరు సగానికి పైగా కాలిపోయింది, లక్ష దాకా జనం పోయారని అంచనా. మళ్లీ కట్టడానికి ఊరూరి నుంచి పనివాళ్లు దిగారు. వాళ్లకు ఉడికించిన కూరలు అమ్మే దుకాణాలు పుట్టుకొచ్చాయి. నిప్పు భయంతో రాత్రిపూట వండి అమ్మొద్దని 1660ల నుంచి హుకుమత్ మళ్లీ మళ్లీ హుకుం ఇచ్చింది. మళ్లీ మళ్లీ ఇచ్చిందంటేనే ఎవరూ వినలేదని అర్థం కదా! దాదాపు అదే జమానాలో, 1633లో, ఇస్తాంబుల్‌లో పెద్ద ఆగ్ తర్వాత సుల్తాన్ మురాద్ ఖహ్వాఖానాలను మూయించాడు. అక్కడ తాగేది ఖహ్వా, ఇక్కడ సాకె. కానీ పనయిపోయిన మనుషులు ఒకచోట చేరి కూర్చుని మాట్లాడుకోవడం ఏ రాజుకూ నచ్చలేదు.

కూరల దుకాణం సాకె పెట్టింది, సాకె దుకాణం కూరలు పెట్టింది. రెండూ కలిసి ఇప్పుడు మనం చూసే రూపం వచ్చింది. 1811లో ఎడో అధికారులు తిండి దుకాణాలన్నీ లెక్కపెట్టించారు. 7,600 తేలాయి. అందులో 1,808 ఈ కూరలూ సాకే కలిసిన దుకాణాలే. పది లక్షల ఊరికి అన్ని!

లోపల ఎట్లుండేదో తెలుసా? సమురాయ్ సినిమాల్లో బల్లలు, పీపాలే కుర్చీలు చూపిస్తారు, అదంతా సినిమా. నిజానికి బల్లకుర్చీలు లేవు. మన చాయ్ కొట్టు ముందు వేసే పొడుగు బెంచీలాంటిది ఉండేది. దానిమీద ఒక కాలు మడిచి కూర్చుని, పళ్లెం పక్కనే బెంచీ మీద పెట్టుకునేవాళ్లు. గుమ్మానికి తాళ్ల పరదా. ముందర ఉడికించిన ఆక్టోపస్, చేపలు వేలాడదీసేవాళ్లు. దొరికేది చామగడ్డల కూర, తోఫు, చేపల చారు. మాంసం పెద్దగా ఉండేది కాదు. 675లోనే తెన్ము చక్రవర్తి కొన్ని జంతువుల మాంసం మీద బందిష్ పెట్టాడు. బౌద్ధం ప్రభావంతో నాలుగు కాళ్ల జంతువులను తినడం ఐబ్ అయింది. 1872లో మెయిజీ చక్రవర్తి గొడ్డుమాంసం తిన్నాడని లోకానికి తెలిశాకే ఆ గేటు తెరుచుకుంది. 1945లో యుద్ధం ఓడి, ఊరు బూడిదయ్యాక, రేషన్‌లో లేని పంది పేగులు, కాలేయాలు పుల్లలకు గుచ్చి రేకుల షెడ్ల కింద కాల్చి అమ్మారు. షింజుకులో ఓమోయిదె యోకోచో అనే గల్లీ ఆ చోర్ బజార్ నుంచి మిగిలిందే. అంటే 1811 ఎడోలో ఒక ముసల్మాన్ ముసాఫిర్ దిగి ఉంటే, ఈరోజు నా భాంజా కంటే వాడికే తినడం ఆసాన్‌గా ఉండేది. ఇది ఆలోచించి నేను ఆ టేబుల్ దగ్గరే నవ్వుకున్నాను.

మా టేబుల్ సంగతికి వస్తా. అడగకుండానే మూడు చిన్న గిన్నెలు వచ్చాయి. ఒతోషి అంటారు. కూర్చున్నందుకు కట్టే కిరాయి అనుకోండి, బిల్లులో వేస్తారు. ఉడికించిన ముల్లంగి. భాంజా దుకాణదారును అడిగాడు, ఇందులో మిరిన్ ఉందా అని. మిరిన్ అంటే వంటలో వేసే తియ్యటి శరాబ్, పద్నాలుగు శాతం దాకా ఆల్కహాల్ ఉంటుంది. జపాన్ వంటలో మనకు అసలు చిక్కు సీసాలో కాదు, కూరలోనే. దుకాణదారు డెబ్భై ఏళ్ల మనిషి. ఉందని తలవంచి, ఆ గిన్నెలు తీసుకుపోయాడు. ఉప్పేసి ఉడికించిన పచ్చి సోయా కాయలు తెచ్చాడు. దెంగకు ముద్దలో కూడా మిరిన్ కలుస్తుందని తనే చెప్పి, మాకు తోఫును ఉప్పుతో కాల్చాడు. పందిమాంసం కాలే జాలీ మీద పెట్టకుండా అల్యూమినియం రేకు పరిచి, దానిమీద సాబా చేపను కాల్చి ఇచ్చాడు. ఇదంతా విసుక్కోకుండా చేశాడు. ఈ నాలుగు ప్రశ్నలు అడగడానికి భాంజా రెండేళ్లు సిగ్గుపడ్డాడు.

పళ్లేలన్నీ మధ్యలో పెట్టారు, ముగ్గురికీ కలిపి. ఎవరి చిన్న ప్లేటులోకి వాళ్లు తీసుకోవాలి. నేను ఉషారుగా అన్నాను, "మా దస్తర్‌ఖాన్ కూడా ఇంతే, ఒకే పళ్లెంలో నలుగురం చేతులు పెడతాం, అందులో బర్కత్ ఉంటుంది" అని. కచో సాన్ తల అడ్డంగా ఊపాడు. జపాన్‌లో ఇది పాత రివాజ్ కాదట. నాకు తర్వాత గుర్తొచ్చింది, ఆయన చెప్పింది సహీ. ఎడో కాలంలో ఇంట్లో ఒక్కొక్కరికి ఒక్కొక్క చిన్న పీట, దానిమీద వాళ్ల గిన్నెలు. అబ్బా పీట వేరు, కొడుకు పీట వేరు, హోదాను బట్టి వేరు. ఇంటిల్లిపాదీ ఒకే పొట్టిబల్ల చుట్టూ కూర్చోవడం మెయిజీ కాలం చివర్లో మొదలై 1920ల నాటికి పాకింది. ఆడవాళ్లు, స్టూడెంట్లు పెద్ద సంఖ్యలో ఇజకాయలకు రావడం ఇంకా తర్వాత, 1970, 80లలో చెయిన్ దుకాణాలు వచ్చాక. మనం వేల ఏళ్ల పాతదని మురిసే ఈ పంచుకు తినడం వాళ్లకు మా నానా వయసుది. నాకు ఇది తెలియక కాదు, తెలిసినా ముందర పళ్లెం కనబడగానే మన పాత ఆదత్ మాట్లాడుతుంది.

పంచుకోవడంలో తకల్లుఫ్ మాత్రం అచ్చంగా మనదే. చివరి చేప ముక్క పళ్లెంలో ఉండిపోయింది. నేను ముట్టలేదు, కచో ముట్టలేదు, భాంజా ముట్టలేదు. దానికి వాళ్ల దగ్గర ఒక పేరే ఉంది, ఎన్ర్యో నో కతమారి. మొహమాటపు ముద్ద అని చెప్పొచ్చు. లఖ్నవీ నవాబులు "పహలే ఆప్" అని రైలు తప్పించుకున్న కిస్సా చెప్పాను. భాంజా అనువదిస్తూ ఉంటే దుకాణదారు కూడా బల్ల అవతల నుంచి నవ్వాడు.

తాగడానికి మూడు గ్లాసుల ఊలాంగ్ చాయ్, మంచు ముక్కలతో. ఇంకొక రివాజ్ ఉంది, ఎవరి గ్లాసు వాళ్లు నింపుకోకూడదు, పక్కవాడు పోయాలి. చూడండి, అక్కడ ప్రతి మనిషీ సాఖీ! కచో సాన్ నా గ్లాసు నింపాడు, నేను ఆయనది నింపాను. అప్పుడు ఆయన గ్లాసు ఎత్తి దీపం వైపు పెట్టి చూపించాడు. "రంగు చూడండి. విస్కీలో నీళ్లు కలిపితే ఇదే రంగు. ముప్ఫై ఏళ్లుగా నేను ఇదే తాగుతున్నాను, నా పైవాళ్లు విస్కీ అనుకుంటారు."

ఆయన గెకో. జపనీస్‌లో తాగలేని మనిషికి ఆ పేరు, శతాబ్దాల పాత మాట. జపాన్ వాళ్లలో దాదాపు నలభై శాతం మందికి శరాబ్‌ను అరిగించే ఒక ఎంజైమ్ పుట్టుకతోనే కమ్‌జోర్. రెండు గుక్కలకే ముఖం ఎర్రబడుతుంది, గుండె దడదడలాడుతుంది. పదహారో శతాబ్దంలో గీసిన షుహాన్‌రోన్ అనే బొమ్మల చుట్టలో ముగ్గురు బహస్ చేస్తారు. ఒకడు సాకె గొప్పదంటాడు, ఒకడు అన్నం గొప్పదంటాడు, మూడోవాడు రెండూ మితంగా అంటాడు. అంటే తాగని మనిషి వాళ్ల దస్తర్‌ఖాన్ మీద కొత్త మెహమాన్ ఏం కాదు. జెన్ మఠాల గేటు దగ్గర శరాబ్ లోపలికి రావద్దని రాయి మీద చెక్కి ఉంటుంది. భిక్షువుల్లో చాటుగా తాగేవాళ్లు మాత్రం దానికి 'ప్రజ్ఞాజలం' అన్నట్టు ముద్దుపేరు పెట్టుకున్నారు. మన షాయర్‌లు దుఖ్తర్-ఎ-రజ్, ద్రాక్ష బిడ్డ, అనలేదా? బహానాలు ఎక్కడైనా అందంగానే ఉంటాయి.

భాంజా ముఖం చూశాను. రెండేళ్లు తన దీన్ కోసం తాను ఒక్కడే విడిగా ఉన్నాననుకున్నాడు. అవతల టేబుల్ పెద్దమనిషి ముప్ఫై ఏళ్లు తాగుతున్నట్టు నటిస్తూ ఒంటరిగా కూర్చున్నాడు. "నువ్వు రానని చెప్పినప్పుడు నాకు ఈర్ష్య పుట్టింది. నీకు చెప్పుకోవడానికి ఒక కారణం ఉంది" అన్నాడు కచో సాన్. పిల్లగాడు ఆ మాటను నాకు వెంటనే అనువదించలేకపోయాడు, నీళ్లు తాగి చెప్పాడు.

ఇది చదివి మీలో ఎవరైనా పిల్లలను ఇజకాయకు పంపమంటున్నానని అనుకుంటే, అట్లా కాదు. ఏడు దాటాక రెండో టేబుల్ నిండింది, సీసాలు తెరిచారు, మేం లేచాం. ఆ హద్దు నాది, ఇప్పటికీ నాదే. నేను మార్చుకున్నది ఫోన్‌లో చెప్పిన నా జవాబు. "నక్కో" అనడానికి ముందు "ఎవరెవరు పోతారు, ఎన్ని గంటలకు, పగలు అక్కడ ఏం దొరుకుతుంది" అని అడగాల్సింది. చాలా ఇజకాయలు మధ్యాహ్నం అన్నం, చేప, చారు పెట్టి ఆఫీసు జనానికి భోజనం అమ్ముతాయి, సీసాలు మూసే ఉంటాయి. ఇప్పుడు సెక్షన్ మొత్తం నెలకొకసారి పగటిపూట అక్కడికే పోతోంది. ఆ ఇంతెజామ్ కచో సాన్ చేశాడు. ఎవరి కోసం చేశాడో ఆఫీసులో ఇద్దరికే తెలుసు.

లేచే ముందు ఆయన అడిగాడు, మీ ఊళ్లో పనయ్యాక మగవాళ్లు ఎక్కడ కూర్చుంటారని. ఇరానీ హోటల్ గురించి చెప్పాను. పాలరాతి టేబుళ్లు, అద్దాలు, లుఖ్మీ, ఉస్మానియా బిస్కట్, ఒక చాయ్ మీద రెండు గంటలు. దుకాణం నడవడం ఎట్లా, ఒక చాయ్‌తో అంతసేపు కూర్చుంటే, అని దుకాణదారు ఫికర్ పడ్డాడు. ఒక్క చాయ్ కూడా కాదు, దాన్ని ఇద్దరు పంచుకుంటారు అన్నాను. ఎట్లా పంచుకుంటారు అన్నాడు. 'వన్ బై టూ'ను జపనీస్‌లో ఎట్లా చెప్పాలో తెలియక మా భాంజా ఊలాంగ్ చాయ్‌ని సగం నా గ్లాసులోకి ఒంపి చూపించాడు.